అప్‌డేట్: రాజుని తింటున్న తోడేలు సంగతి తేలింది

నేలమీద పడివున్న రాజుని తోడేలు తింటోంది, వెనకాల మంటల్లోంచి అదే రాజు నడిచొస్తున్నాడు, ఏమిటీ బొమ్మ అని మొన్న అడిగాను కదా. రాజకీయ వ్యంగ్యం అనుకుని తప్పులో కాలేశాను.

అది జర్మన్ రసవాది మైకేల్ మాయర్ 1617లో తెచ్చిన రసవాద (ఆల్కెమీ, అంటే మామూలు లోహాల్ని బంగారం చెయ్యాలని చూసిన పాతకాలపు విద్య) గ్రంథం ‘అటలాంటా ఫ్యూజియెన్స్’లోని 24వ చిత్రం. రాజు అంటే బంగారం. తోడేలు అంటే నీలాంజనం, అదే యాంటిమొనీ సల్ఫైడ్ (యాంటిమొనీ అనే లోహమూ గంధకమూ కలిసిన ఖనిజం). దీన్ని కల్తీ బంగారంతో కలిపి కరిగిస్తే నీలాంజనంలోని గంధకం రాగినీ వెండినీ పట్టేసుకుంటుంది, బంగారం యాంటిమొనీతో కలిసి అడుగుకి దిగుతుంది. ఆ ముద్దను మళ్లీ బాగా కాల్చి యాంటిమొనీని పొగలా వెళ్లగొడితే మిగిలేది మేలిమి బంగారం. మంటల్లోంచి రాజు రావడం అంటే అదన్నమాట! అచ్చం కంసాలి పనే.

జవాబిచ్చినవాళ్లకి థాంక్స్. ఇప్పుడు సూర్యుణ్ణి మింగే ఆకుపచ్చ సింహం బొమ్మ ముందేసుకుని కూర్చున్నాను.