విమర్శించినవాళ్ల మీద కంపెనీ పరువునష్టం దావా: హక్కా, బెదిరింపా?

నీలిగాలి:
ఒక కంపెనీ మీద కార్యకర్తలు ఆరోపణలు చేస్తారు. జవాబు చెప్పాల్సిన కంపెనీ లాయర్ నోటీసు పంపుతుంది. నా దృష్టిలో ఇది నోరు మూయించే పద్ధతే. ఇంగ్లండ్‌లో తనని విమర్శించే ఒక కరపత్రం పంచినందుకు మెక్‌డొనాల్డ్స్ 1990లో ఐదుగురి మీద దావా వేసింది. ముగ్గురు క్షమాపణ చెప్పి బయటపడ్డారు. మిగిలిన ఇద్దరూ మొండికేశారు. లాయర్లను పెట్టుకునే స్తోమత లేక తమ వాదన తామే వినిపించుకున్నారు. తీర్పు వచ్చేసరికి 1997.

తూనికరాయి:
ఆ తీర్పులో ఏముందో కూడా చెప్పండి మరి. కరపత్రంలో చాలా మాటలు రుజువు కాలేదు. 60 వేల పౌండ్లు కట్టమన్నారు.

నీలిగాలి:
చెప్తానండీ. అప్పీలులో అది 40 వేలకు తగ్గింది. ప్రకటనలతో పిల్లల్ని వాడుకుంటోందనీ, జీతాలు తక్కువిస్తోందనీ అన్న మాటలు మాత్రం నిజమేనని మొదటి జడ్జే తేల్చారు. 2005లో యూరప్ మానవ హక్కుల కోర్టు, వాళ్లకి న్యాయసహాయం ఇవ్వకపోవడం వల్ల విచారణ సమంగా సాగలేదని బ్రిటన్‌ను తప్పుపట్టింది.

తూనికరాయి:
సరే, ఇంకో వైపు చూద్దాం. 1995లో షెల్ అనే చమురు కంపెనీ బ్రెంట్ స్పార్ అనే పాత చమురు నిల్వ కట్టడాన్ని సముద్రంలో ముంచాలనుకుంది. దానిలో ఇంకా 5 వేల టన్నులకు పైగా చమురు ఉందని పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ ప్రచారం చేసింది. జర్మనీలో జనం షెల్ బంకుల వైపు వెళ్లడం మానేశారు, కొన్ని బంకుల మీద దాడులూ జరిగాయి. కంపెనీ వెనక్కి తగ్గింది. ఆ తర్వాత గ్రీన్‌పీస్ తన లెక్క తప్పని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. అప్పటికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది కదా! ఉద్యమం పేరు చెప్పి ఏ అంకె పడితే ఆ అంకె వదిలితే ఎదుటివాడు కోర్టుకెళ్లకుండా ఏం చెయ్యాలి?

గోడమీదిపిల్లి:
రెండు వైపులా లాయర్లకే లాభం. నేను పాప్‌కార్న్ తెచ్చుకుంటా 😄

ఇసుకగడియారం:
తూనికరాయి గారూ, బ్రెంట్ స్పార్ విషయంలో తప్పు బయటపడింది కొలతల వల్ల, దావా వల్ల కాదు. స్వతంత్ర సంస్థ వెళ్లి లోపల ఎంతుందో లెక్కగట్టింది. నా వాదన అక్కడే ఉంది. నిజానిజాలు తేలాలంటే కంపెనీ తన రికార్డులు బయటపెట్టాలి, బయటివాళ్లని పరీక్షించనివ్వాలి. పరువునష్టం కేసులో తేలేది చాలాసార్లు ఎవరు ఎక్కువకాలం ఖర్చు భరించగలరన్నదే.

నెస్లే కేసు చూడండి. పేద దేశాల్లో పసిపిల్లల పాలపొడి అమ్మే తీరు మీద వచ్చిన పుస్తకాన్ని ఒక స్విస్ బృందం 'నెస్లే పిల్లల్ని చంపుతోంది' అన్న పేరుతో అచ్చువేసింది. కంపెనీ దావా వేసింది. 1976లో కోర్టు ఆ శీర్షిక తప్పని తలా 300 ఫ్రాంకుల జరిమానా వేసింది. అదే తీర్పులో అమ్మకం పద్ధతులు మార్చుకోమని కంపెనీకి కూడా గట్టిగా చెప్పింది. మరుసటి ఏడాదే అమెరికాలో నెస్లే సరుకుల బహిష్కరణ మొదలైంది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాలపొడి ప్రచారానికి నియమావళి తెచ్చింది. కాగితం మీద కంపెనీ గెలిచింది, మరి దానికి ఒరిగిందేంటి?

ఇక కార్ల భద్రత మీద రాసిన రాల్ఫ్ నాడర్ వెనక జనరల్ మోటార్స్ డిటెక్టివ్‌లను పెట్టింది. విషయం పొక్కాక 1966లో కంపెనీ అధ్యక్షుడు సెనేట్ కమిటీ ముందు క్షమాపణ చెప్పాల్సొచ్చింది. నాడర్ తిరిగి కేసు వేస్తే 4,25,000 డాలర్లకు రాజీపడ్డారు. ఆ డబ్బు ఆయన వినియోగదారుల పనికే వాడారు!

తూనికరాయి:
మీరు చెప్పేవన్నీ పెద్ద కంపెనీలు. పదిమంది పనిచేసే చిన్న సంస్థ మీద ఎవరో తప్పుడు వీడియో పెడితే? రికార్డులు బయటపెట్టేలోపే మూతపడుతుంది.

ఇసుకగడియారం:
ముందు సవరణ అడగాలి, గడువివ్వాలి. తప్పని తెలిసీ తీసెయ్యకపోతే అప్పుడు దావా. దీనికి నేనూ ఒప్పుకుంటా. నా అభ్యంతరమల్లా మొదటి ఉత్తరంలోనే కోట్లు అడగడం మీద.

తూనికరాయి:
వీడియో లక్షమంది చూస్తారు, సవరణ ఎంతమంది చూస్తారు? ఆ గడువు ఎన్ని రోజులో మీరే చెప్పండి.