ప్రెయిరీ డాగ్ వేటకు ఏ .22 తూటా కొనాలి?

గుణుపురం – లబ్బక్

అన్నయ్యలకు, అక్కలకు నమస్కారం. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద టెక్సస్‌లోని లబ్బక్ వచ్చి నాలుగు నెలలైంది. ఆఫీసులో ఒకాయనకు ఊరి బయట పశువుల బీడు ఉంది. బీడంతా ఉడుత జాతికి చెందిన ప్రెయిరీ డాగ్‌లు బొరియలు తవ్వేశాయట, వచ్చే నెల ఒక శనివారం రమ్మన్నాడు. రైఫిలు తను ఇస్తాడు, తూటాలు నేను తెచ్చుకోవాలి. కొట్టుకు వెళ్తే గోడ నిండా డబ్బాలే: హై వెలాసిటీ, హైపర్ వెలాసిటీ, మ్యాగ్నమ్! ఎక్కువ స్పీడున్నది కొనేస్తే సరిపోతుందా? మా తాత మొక్కజొన్న చేలో మంచెక్కి, డబ్బా వాయించి పందుల్ని తోలేవాడు. మా ఇంట్లో వేట అనుభవం అంతే.

పర్లాకిమిడి – అమరిల్లో

తమ్ముడూ, ముందు ఆ రైఫిలు గొట్టం మీద ఏం చెక్కి ఉందో అడుగు. .22 ఎల్.ఆర్. (0.22 అంగుళాల లాంగ్ రైఫిల్ రకం) అని ఉంటే ఆ తూటాలే కొనాలి. మ్యాగ్నమ్ తూటా ఇంకా పెద్దది, అందులో పట్టదు. మ్యాగ్నమ్ రైఫిల్లో మాత్రం ఎల్.ఆర్. తూటా వదులుగా దిగిపోతుంది, పేలిస్తే ఇత్తడి కేసు చీలి వేడి గ్యాసు మొహం మీదికి రావచ్చు.

ఇక స్పీడు. సి.సి.ఐ. కంపెనీ వాళ్ల ఎల్.ఆర్. తూటా మినీ మ్యాగ్, 36 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత) హాలో పాయింట్ (కొన బోలుగా ఉండి, తగలగానే విచ్చుకునే గుండు), గొట్టం దగ్గర సెకనుకు 1,260 అడుగులు పోతుంది. అదే కంపెనీ స్టింగర్ 32 గ్రెయిన్లు, 1,640 అడుగులు. నేనూ మొదట్లో ఆ అంకె చూసే స్టింగర్ కొన్నాను. యాభై గజాల్లో కాగితం మీద ఐదు దెబ్బలు కొడితే టీ సాసరంత మేర చెదిరాయి. మినీ మ్యాగ్ ఐదూ రూపాయి బిళ్ల కింద దాగాయి. ఇంకో రైఫిల్లో ఇదే తిరగబడొచ్చు, అందుకే పెద్ద పెట్టె కొనకు. మూడు నాలుగు రకాలు యాభై తూటాల డబ్బాలు తీసుకుని, ఆ రైఫిలుతోనే కొట్టి చూడు. ఒక మాట, స్టింగర్ కేసు మామూలు దానికన్నా కాస్త పొడుగు. తూటా కూర్చునే చోటు బిగుతుగా ఉండే మ్యాచ్ ఛాంబర్ (పోటీల) రైఫిల్లో అది వాడకూడదు.

మీ లబ్బక్ గాలి సంగతి తెలుసుగా. పక్క గాలిలో .22 ఎల్.ఆర్. హై వెలాసిటీ గుండు, నెమ్మదిగా పోయే స్టాండర్డ్ గుండు కన్నా ఎక్కువ పక్కకి కొట్టుకుపోతుంది. నేను చాలా రోజులు నమ్మలేదు. ధ్వని వేగం దాటిన గుండుకు గాలి అడ్డు బాగా పెరుగుతుంది, వేగం త్వరగా పడిపోతుంది, ఆ పడిపోవడంలోనే గాలి దాన్ని తోసేస్తుంది. దూరం కూడా చూసుకో. యాభై గజాలకు గురి సరిచేసిన రైఫిలు వంద గజాల్లో ఐదారు అంగుళాలు కిందికి కొడుతుంది. డెబ్బై ఐదు దాటితే కొట్టకు.

అంతకు మించి కావాలంటే .17 హెచ్.ఎం.ఆర్. అనే ఇంకా సన్న గుండు తూటా ఉంది. 2002లో హార్నడీ కంపెనీ వాళ్లు .22 మ్యాగ్నమ్ కేసు మెడ నొక్కి చేశారు. 17 గ్రెయిన్ల గుండు, 2,550 అడుగులు, నూట యాభై గజాల దాకా పనికొస్తుంది. కానీ దానికి వేరే రైఫిలు కావాలి, మొదటి రోజే ఆ ఖర్చు నీకెందుకు?

హాలో పాయింటే తీసుకో. సాలిడ్ (కొన బోలు లేని) గుండు ఒంట్లోంచి దూరిపోతుంది, దెబ్బతిన్న జంతువు బొరియలోకి పాక్కుంటూ పోయి నరకం పడి చస్తుంది. పైగా గట్టి నేల మీద సాలిడ్ ఎగిరి ఎటైనా పోతుంది. ఈ చిన్న తూటాయే మైలుకు పైగా పోగలదు. వెనక మట్టి గట్టు కనిపిస్తేనే ట్రిగ్గర్ నొక్కు. అవే బొరియల్లో పొడుగు కాళ్ల చిన్న గుడ్లగూబలు కూడా ఉంటాయి. వాటిని కొడితే ఫెడరల్ నేరం, బైనాక్యులర్ తీసుకెళ్లు.

బరంపురం – డాలస్

అందరూ గ్రెయిన్లే మాట్లాడుతున్నారు, ఆ అబ్బాయి వీసా ఎవరికీ కనబడలేదా? బాబూ, హెచ్-1బి మీద ఉన్నవాళ్లు తుపాకీయే కాదు, తూటా దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. రైఫిలు స్నేహితుడిదే కదా అనుకోకు, చట్టం అడిగేది నీ చేతిలో ఉందా లేదా అనే. ఆ లైసెన్సు చేతికొచ్చేదాకా ఒక్క డబ్బా కూడా కొనకు. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి, ముందు అది చెయ్యి. రేపు ఉద్యోగం కాలిఫోర్నియాకి మారితే అక్కడ 2019 జులై నుంచి వేటకు సీసం గుండు వాడకూడదు, .22 అయినా సరే.

కాశీనగర్ – ఫీనిక్స్

ఈ .22 లాంటి రిమ్‌ఫైర్‌ తూటాల్లో మంట రేపే మందు కేసు అంచు చుట్టూ ఉంటుంది, అప్పుడప్పుడు ఒకటి పేలకుండా తుస్సుమంటుంది. గొట్టం నేల వైపు పెట్టి ముప్పై సెకన్లు ఆగి, అప్పుడు తియ్యి. వెంట పులిహోర తీసుకెళ్తావు కదా, చేతులు సబ్బుతో కడుక్కునే తిను. వేళ్లకు సీసం అంటుతుంది.

పర్లాకిమిడి – అమరిల్లో

బరంపురం అక్క చట్టం సంగతి చెప్పాక నాకూ ఒకటి గుర్తొచ్చింది. రెండేళ్ల క్రితం సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. అమ్మ ఉతకడానికని నూతి గట్టు మీద నా జాకెట్ జేబులు తిరగేస్తూ, "ఏదిరా ఈ బొత్తాం?" అని చెయ్యి చాపింది. అరచేతిలో .22 తూటా! వేట జాకెట్ పెట్టెలో కుక్కి తెచ్చాను, ఎయిర్‌పోర్టులన్నీ దాటొచ్చేసింది. మన దగ్గర ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా ఒక్క తూటా ఉన్నా కేసే. వకీలు మామయ్యను పిలిచి, ఆయన వెంట ఉండగా ఆ సాయంత్రమే స్టేషన్‌లో రాసిచ్చి అప్పజెప్పాను. అప్పటిదాకా పడిన టెన్షన్ ఇంతా అంతా కాదు. వేటకు వేసుకెళ్లే జాకెట్, సంచీ విడిగా పెట్టుకో. అవి ఎప్పటికీ విమానం ఎక్కకూడదు.

గుణుపురం – లబ్బక్

గొట్టం మీద .22 ఎల్.ఆర్. అనే ఉందట. కోర్సులో ఇవాళే చేరాను. శనివారానికి లైసెన్సు రాకపోతే బైనాక్యులర్, పులిహోర పట్టుకుని ఊరికే వెళ్తాను.