తొమ్మిదేళ్లు, కోటి డాలర్లు, కప్పులు సున్నా: బడ్డీ ఫ్రాంక్లిన్‌ను తెచ్చుకుని సిడ్నీ గెలిచిందా, ఓడిందా?

హాక్స్ పక్షం

మొన్న ఒక మిత్రుడి ఇంట్లో భోజనాల దగ్గర మొదలైన వాదన ఇది. సాంబారు చల్లారింది గాని వాదన చల్లారలేదు. తేల్చుకుందామని ఇక్కడికి తెచ్చాను.

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ చూడనివారి కోసం రెండు ముక్కలు. మైదానం చివర నాలుగు స్తంభాలుంటాయి. నడిమి రెండింటి మధ్య నుంచి బంతిని తన్నితే గోల్, ఆరు పాయింట్లు. పక్క సందులోంచి పోతే బిహైండ్, ఒకే పాయింటు. గోల్స్ కొట్టడమే పనిగా ముందు వరుసలో ఆడేవాడు ఫార్వర్డ్. మా హాథార్న్ జట్టు, అంటే హాక్స్, 2004 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) అయిదో ఎంపికగా తెచ్చుకున్న లాన్స్ ఫ్రాంక్లిన్, అందరి నోటా బడ్డీ, ఈ తరం ఫార్వర్డ్‌లలో మొదటివాడు. అందులో నాకు పేచీ లేదు.

పేచీ అంతా 2013 తర్వాతి సంగతితోనే. ఆ ఏడాది మాతో రెండో ప్రీమియర్‌షిప్, అంటే లీగు కప్పు, గెలిచి, కొద్ది రోజులకే సిడ్నీ స్వాన్స్‌కు వెళ్లిపోయాడు. తొమ్మిదేళ్ల ఒప్పందం, కోటి డాలర్లు. అప్పటికి అతనికి 26 ఏళ్లు. అంటే 35 దాటేదాకా జీతానికి ఢోకా లేదు.

ఫలితం చూడండి. మా దగ్గర 182 మ్యాచ్‌లు, 580 గోల్స్, రెండు కప్పులు. సిడ్నీలో 172 మ్యాచ్‌లు, 486 గోల్స్, ఒక్క కప్పూ లేదు. మూడు గ్రాండ్ ఫైనల్స్, అంటే కప్పు తేల్చే మ్యాచ్‌లు, ఆడి మూడూ ఓడాడు. 2014లో 63 పాయింట్ల తేడాతో, 2016లో 22, 2022లో ఏకంగా 81. మొదటి ఓటమి మా చేతుల్లోనే! అతను లేకుండానే మేము 2014, 2015 రెండూ గెలిచాం. కోటిని 486తో భాగించండి, ఒక్కో గోల్‌కు ఇరవై వేల డాలర్ల పైమాటే. ఆటగాడు గొప్పవాడే, బేరం మాత్రం చెడ్డది.

ఎరుపు తెలుపు

మా స్వాన్స్ మీద మళ్లీ అదే పాట. పన్నెండేళ్లకు పైగా వింటున్నాను.

2014 గ్రాండ్ ఫైనల్ అన్నారు కదా, ఆ రోజు సిడ్నీ మొత్తం కొట్టినవి 11 గోల్స్. అందులో నాలుగు బడ్డీవి. మిగతా జట్టంతా కలిసి ఏడు. ఓడింది బడ్డీయా, జట్టా? 2016లో మొదటి క్వార్టర్‌లోనే చీలమండ దెబ్బతింది, కుంటుతూనే ఆట ముగించాడు. 2022లో ఒక్క గోలూ కొట్టలేదు, ఒప్పుకుంటాను. అయితే ఆ రోజు జీలాంగ్ ముందు సిడ్నీలో ఎవరు నిలబడ్డారో చెప్పండి.

మీ 2013 కప్పు మాటకొస్తే, ఆ ఫైనల్లో హాథార్న్ తరఫున ఎక్కువ గోల్స్ కొట్టింది బడ్డీ కాదు, జాక్ గన్‌స్టన్. నాలుగు కొట్టాడు. గెలిచిన మ్యాచ్‌లో ఎవరు కొట్టినా కప్పు బడ్డీ ఖాతాలో వేస్తున్నారు. ఓడిన మ్యాచ్‌లో అతను నాలుగు కొట్టినా ఓటమినీ అతని ఖాతాలోనే వేస్తున్నారు. ఇదేం న్యాయం?

ఇంకొకటి. టోనీ లాకెట్ 1995లో సెయింట్ కిల్డా నుంచి సిడ్నీకి వచ్చాడు. 1,360 గోల్స్, నేటికీ అదే రికార్డు. కెరీర్ మొత్తంలో అతనికి ఒక్క ప్రీమియర్‌షిప్ లేదు. లాకెట్‌ను తెచ్చుకుని సిడ్నీ నష్టపోయిందని ఇంతవరకు ఒక్కరైనా అన్నారా?

పాత స్కోరు పుస్తకం

లెక్కలతో వాదించేవారు లెక్కలైనా సరిగా చెప్పాలి. ఆ తొమ్మిదేళ్ల ఒప్పందం 2022తో ముగిసింది. 2023 కోసం విడిగా ఒక ఏడాదికి రాసుకున్నారు. ఆ ఏడాది పిక్క కండరం దెబ్బతిని, జులై 31న ఆట మానేస్తున్నట్లు ప్రకటించాడు. కాబట్టి మీరు చెప్పిన 172 మ్యాచ్‌లు, 486 గోల్స్‌లో చివరి ఏడాదివి కోటి డాలర్ల పద్దులోకి రావు. (దీనివల్ల గోల్ ధర ఇంకా పెరిగి హాక్స్ పక్షం గారి వాదనకే బలం వస్తుంది. వచ్చినా సరే, తప్పు తప్పే.)

మొత్తం 354 మ్యాచ్‌లు, 1,066 గోల్స్. వెయ్యి దాటినవారిలో ఆరోవాడు, ఆడటం మానేసేనాటికి జాబితాలో నాలుగోవాడు. అతనికి ముందున్నది లాకెట్, గోర్డన్ కోవెంట్రీ (1,299), జేసన్ డన్‌స్టల్ (1,254).

సగటు చూస్తే బడ్డీది మ్యాచ్‌కు మూడు గోల్స్. లాకెట్‌ది 4.84. పీటర్ హడ్సన్ అయితే 129 మ్యాచ్‌లలోనే 727 కొట్టాడు, అంటే అయిదున్నరకు పైనే. అది చూసి బడ్డీని తక్కువ చేసేవాళ్లున్నారు. వాళ్లు ఆట మారిన తీరు చూడలేదు. లాకెట్ రోజుల్లో బంతిని ఎత్తి ముందుకు తన్నేవారు, అక్కడ ఫార్వర్డ్, అతన్ని కాచుకునే డిఫెండర్ ఇద్దరే కుస్తీ పట్టేవారు. తర్వాతి కోచ్‌లు పద్దెనిమిది మందినీ బంతి వెనక్కి దించడం నేర్పారు. ఆ గుంపులో నుంచి గోల్ తీయాలి. 2008లో బడ్డీ 113 గోల్స్ కొట్టాడు. ఆ తర్వాత ఒక సీజన్‌లో వంద దాటినవాడు లేడు, అతనితో సహా. అదే ఏడాది 22వ రౌండులో కార్ల్‌టన్ మీద అతను వంద చేరుకుంటే, అదే మ్యాచ్‌లో ఎదుటి జట్టు ఫార్వర్డ్ బ్రెండన్ ఫెవోలా 99 దగ్గర ఆగిపోయాడు. ఆ మ్యాచ్ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఫెవోలా మీదే జాలి.

టార్నీట్ తెలుగు

మెల్‌బోర్న్ వచ్చి నాలుగేళ్లే అయింది, ఆఫీసులో అందరూ మాట్లాడుతుంటే ఈ ఆట చూడటం మొదలుపెట్టాను. నాకొక సందేహం. క్లబ్బు దగ్గర డబ్బుంది, ఇచ్చింది. కోటి ఇస్తే ఏమిటి, రెండు కోట్లు ఇస్తే ఏమిటి? ఇందులో నష్టం ఎవరికి?

హాక్స్ పక్షం

మంచి ప్రశ్న అడిగారు, అసలు కిటుకు అక్కడే ఉంది. ఇక్కడ జీతాలకు పరిమితి ఉంది. ఏ క్లబ్బయినా ఆటగాళ్లందరికీ కలిపి లీగు పెట్టిన మొత్తాన్ని దాటకూడదు. ఒకరి పళ్లెంలో ఎక్కువ వడ్డిస్తే పక్కవాడి పళ్లెంలో తగ్గాల్సిందే. బడ్డీ వచ్చిన ఆ 2013 చివర్లోనే, ఏడాది ముందు కప్పు గెలిపించిన రక్‌మన్ (పైకి లేచిన బంతి కోసం ఎగిరి పోటీపడే పొడగరి) షేన్ మంఫర్డ్‌ను సిడ్నీ వదులుకుంది. ఊళ్లోనే ఉన్న పోటీ జట్టు జీడబ్ల్యూఎస్ అతన్ని తీసుకుపోయింది. 2016 చివర్లో టామ్ మిచెల్ వెళ్లిపోయాడు. ఎక్కడికి? మా దగ్గరికే. వచ్చి 2018లో బ్రౌన్లో పతకం, అంటే లీగులో ఉత్తమ ఆటగాడి పతకం, తెచ్చుకున్నాడు. అతను సిడ్నీలోనే ఉంటే బాగుండేదని స్వాన్స్ అభిమానులకు అనిపించలేదా?

అది చాలదన్నట్టు, ఊళ్లో ఖర్చులు ఎక్కువని సిడ్నీకి జీతాల మీద 9.8 శాతం అదనంగా ఇచ్చేవారు. బడ్డీ వచ్చాక మిగతా క్లబ్బులు మండిపడ్డాయి. 2014లో లీగు ఆ భత్యాన్ని దశలవారీగా తీసేయడమే కాక, బయటి ఆటగాళ్లను తెచ్చుకోకుండా సిడ్నీ మీద ఆంక్ష పెట్టింది. తర్వాత కొంత సడలించారు, అది వేరే మాట. ఈ నష్టం కోటి డాలర్లలో కలపలేదు నేను.

ఎరుపు తెలుపు

ఆ ఆంక్ష అన్యాయమని ఆనాడే అన్నాం. నిబంధనలన్నీ పాటించి ఒక ఆటగాణ్ని తెచ్చుకున్నందుకు శిక్ష వేశారు. దొంగతనం చేసినవాడికి కాదు, సంతలో మంచి ఎద్దును కొన్నవాడికి జరిమానా! దాన్ని బడ్డీ మీద రుద్దుతారేం?

పర్రమట్టా వాసి

మీరంతా కప్పులు, జీతాలు అంటున్నారు. నేను 2022 మార్చి 25 గురించి చెబుతాను, ఎందుకంటే ఆ రాత్రి నేను సిడ్నీ క్రికెట్ గ్రౌండులో ఉన్నాను.

మా ఆయనకు ఆ మైదానం అంటే 2000లో వి.వి.ఎస్. లక్ష్మణ్ కొట్టిన 167, అంతే. క్రికెట్ లేని రోజున అక్కడికెందుకని సణుగుతూ వచ్చారు. జీలాంగ్‌తో మ్యాచ్. వెయ్యి గోల్స్‌కు బడ్డీకి ఇంకా నాలుగు కావాలి. మూడు కొట్టాక స్టేడియంలో ఎవరూ కూర్చోలేదు. చివరి క్వార్టర్‌లో నాలుగోది స్తంభాల మధ్యకు వెళ్లిందో లేదో, జనం కంచెలు దూకేశారు. పిల్లలు, తాతలు, చెప్పులు చేతపట్టుకున్న ఆడవాళ్లు, వేలమంది. బడ్డీ ఎక్కడున్నాడో కనబడలేదు, ఆ చోట చీమలు మూగినట్టు మనుషులు. ఆట అరగంట సేపు ఆగింది. మా అబ్బాయి నా చెయ్యి విడిపించుకుని పోబోతే కాలరు పట్టుకుని ఆపాను. దానికి వాడు ఇప్పటికీ నన్ను క్షమించలేదు.

ఇది సిడ్నీ అని గుర్తుపెట్టుకోండి. ఇక్కడ బడి పిల్లల చేతుల్లో ఉండేది రగ్బీ లీగ్ బంతి. స్వాన్స్ 1982లో సౌత్ మెల్‌బోర్న్ నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన జట్టు, మనలాగే. మా వీధిలో ఇద్దరు తెలుగు పిల్లలు ఆస్‌కిక్‌కు, అంటే చిన్నపిల్లల ఫుట్‌బాల్ శిక్షణకు, వెళ్తారు, ఇద్దరి చొక్కాల మీదా బడ్డీ 23వ నంబరే. ఆ లెక్క మీ భాగహారంలో ఎక్కడ పడుతుంది?

హాక్స్ పక్షం

అమ్మా, 23 వేసుకుని మా దగ్గరా ఆడాడు. ఆ చొక్కాలు మెల్‌బోర్న్‌లోనూ బోలెడన్ని ఉన్నాయి.

పాత స్కోరు పుస్తకం

కాసేపు డబ్బు పక్కన పెట్టి ఆట గురించి మాట్లాడుకుందాం, లేకపోతే ఇది బ్యాంకు మేనేజర్ల సమావేశంలా తయారైంది.

పెర్త్‌కు ఈశాన్యాన గోధుమ పొలాల మధ్య డౌరిన్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు, తల్లి వైపు నుంచి నూంగర్ ఆదివాసీ వారసత్వం. ఎడమకాలి వాటం. అందరూ గోల్‌కు గురిపెట్టేటప్పుడు నేరుగా పరుగెత్తుకొస్తారు. ఇతను ఎడమవైపుకు విల్లులా వంగి వచ్చి తంతాడు. ఏ కోచింగ్ పాఠం ప్రకారం చూసినా తప్పే. ఆ వంపు వల్లే అతనికి గోల్స్‌తో పాటు బిహైండ్‌లూ కుప్పలుగా వచ్చాయి. కాని అదే వంపుతో 50 మీటర్లు దాటిన దూరం నుంచి, బౌండరీ గీత పక్కనుంచి కొట్టినవి వేరొకరు కొట్టగా నేను చూడలేదు. 2012లో లాన్సెస్టన్‌లో నార్త్ మెల్‌బోర్న్ మీద ఒకే మ్యాచ్‌లో 13 గోల్స్. 2010లో ఎసెండన్ మీద మైదానం అంచున బంతిని నేలకు కొడుతూ పరుగు, వెనుక కేల్ హుకర్ తరుముకొస్తున్నా అందక, చివరికి గోల్. దానికే ఆ ఏడాది ఉత్తమ గోల్ బహుమతి వచ్చింది. దాదాపు రెండు మీటర్ల మనిషి అలా పరుగెత్తకూడదు, అది ప్రకృతి విరుద్ధం.

లాకెట్ గోల్ ముందే కాపు కాసేవాడు. ఇతను అవసరమైతే మైదానం సగం దాకా వెనక్కి వచ్చి, బంతి తనే అందుకుని, తనే తీసుకుపోయేవాడు. అందుకే సగటు ఒక్కదానితో ఇద్దరినీ తూచడం నాకిష్టం ఉండదు.

ఎరుపు తెలుపు

పెద్దాయన మాటలకు నా అంకెలు జత చేస్తాను. సీజన్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి ఇచ్చే కోల్‌మన్ పతకం బడ్డీకి నాలుగుసార్లు వచ్చింది: 2008, 2011, 2014, 2017. రెండు హాథార్న్‌లో, రెండు సిడ్నీలో. ఏటా లీగులోని ఉత్తములతో ప్రకటించే ఆల్ ఆస్ట్రేలియన్ జట్టులో ఎనిమిదిసార్లు. నాలుగు అక్కడ, నాలుగు ఇక్కడ. 2018లో ఆ జట్టుకు కెప్టెన్‌గా ఎంపికైంది కూడా సిడ్నీ ఆటగాడిగానే. 2017 చివరి రౌండులో కార్ల్‌టన్ మీద పది గోల్స్ కొట్టి కోల్‌మన్ ఎగరేసుకుపోయాడు. అక్కడ సరుకంతా వాడేసి తొక్క మాకు అంటగట్టారన్నట్టు మాట్లాడుతున్నారు. సగానికి సగం పండు మాకే దక్కింది.

సంతకం చేసిన రోజున మెల్‌బోర్న్‌లో ఏమన్నారో గుర్తుందా? అయిదో ఏటికల్లా కాళ్లు పోతాయి, ఆ తర్వాత సిడ్నీ ఊరికే జీతం కడుతుంది అన్నారు. అయిదో ఏడే 2018, పైన చెప్పిన కెప్టెన్సీ వచ్చిన ఏడాది. 2020లో గాయాలతో ఒక్క మ్యాచూ ఆడలేదు, నిజమే. మరి 2015? ఫైనల్స్‌కు ముందు మానసిక ఆరోగ్యం బాగా లేక తప్పుకున్నాడు, క్లబ్బు ఆ మాట దాచకుండా చెప్పింది. అంత పేరున్న మనిషి అలా ఆగి, మరుసటి ఏడాది తిరిగొచ్చి మళ్లీ ఆల్ ఆస్ట్రేలియన్ అయ్యాడు. తొమ్మిదేళ్ల భరోసా లేకపోతే ఆ తిరిగి రావడం అంత సులువయ్యేదా? పొడవైన ఒప్పందాన్ని మీరు బరువంటున్నారు, నాకది ఆ రోజున అతనికి దొరికిన చెట్టు నీడలా కనిపిస్తుంది.

టార్నీట్ తెలుగు

ఈ చివరి మాట నేను ఆలోచించలేదు. హాక్స్ పక్షం గారూ, దీనికి ఏమంటారు?

హాక్స్ పక్షం

2015 సంగతి మీద నేను ఒక్క మాటా అనను. అది ఆటకు సంబంధించిన లెక్క కాదు, ఎరుపు తెలుపు గారు చెప్పింది బాగుంది. గోల్‌కు ఇరవై వేలు అన్నదాన్ని కూడా వెనక్కి తీసుకుంటున్నాను. పాత స్కోరు పుస్తకం గారు చెప్పినట్టు భాగహారం తప్పు, పైగా గోల్స్‌ను ఉల్లిపాయల్లా తూకం వేయడం నాకే ఇప్పుడు చిన్నతనంగా ఉంది. పర్రమట్టా అమ్మగారి అబ్బాయికి నా తరఫున చెప్పండి, 2008లో వందో గోల్‌కు నేను కంచె దూకాను, మా నాన్న కాలరు పట్టుకోలేదు.

కాని మంఫర్డ్, మిచెల్ వెళ్లిపోయారని రాశాను చూడండి, దానికి ఎరుపు తెలుపు గారి నుంచి ఇంతవరకు జవాబు రాలేదు. ఆంక్ష గురించి కోప్పడి, ఎద్దు సామెత చెప్పి, ఆ ఇద్దరినీ మెల్లగా దాటేశారు. 2016 ఫైనల్లో తేడా 22 పాయింట్లు. నాలుగు గోల్స్ కూడా కాదు. మధ్యలో మంఫర్డ్ ఉండి ఉంటే?

ఎరుపు తెలుపు

రాత్రి పదకొండయింది. మంఫర్డ్ గురించి రేపు రాస్తాను.

హాక్స్ పక్షం

2016 నుంచి రేపే అంటున్నారు.