2-1తో గెలుస్తున్న మ్యాచ్‌లో గోలీని (గోల్‌కీపర్‌ని) మార్చి ఓడాను. తప్పు చేశానా?

ప్లేనో నాన్న:
టెక్సస్‌లో మా ఊరి రెక్ లీగ్‌లో (సరదాగా ఆడే లీగ్, ఎవరైనా చేరొచ్చు) పదేళ్లలోపు పిల్లల సాకర్ టీమ్‌కి వాలంటీర్ కోచ్‌ని. జీతం లేదు, అనుభవం అంతకన్నా లేదు. కోచ్ దొరక్కపోతే టీమ్ రద్దవుతుందని మెయిల్ వస్తే సరేనన్నాను. పదిమంది పిల్లలు, మైదానంలో ఏడుగురు. ఎనిమిది మ్యాచ్‌ల సీజన్‌లో అప్పటికి ఆరు ఓడి ఒకటి డ్రా చేశాం. ఆఖరి మ్యాచ్‌లో 2-1తో ముందున్నాం. పది నిమిషాలుంది. నా కాగితం ప్రకారం గోల్‌లో నిలబడే వంతు ఒక పిల్లాడిది, సీజనంతా వాడికి ఆ అవకాశం రాలేదు. మార్చాను. రెండు గోల్స్ పడ్డాయి, 2-3తో ఓడాం. ఆ రాత్రి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన "పిల్లల గెలుపుని కోచ్ గారు దానం చేసేశారు" అని పెట్టాడు. నలుగురు థంబ్స్ అప్ కొట్టారు. మీరేమంటారు?

గుంటూరు కారం:
తప్పే అన్నా. నేను కాలేజీలో వాలీబాల్ ఆడాను, ఓటమి నాకు కొత్తేం కాదు. కానీ ఎదుటివాడు బాగా ఆడి ఓడిస్తే ఒక రకం, మనమే చేజేతులా ఓడితే ఇంకో రకం. ఒక్క పిల్లాడి వంతు చూశారు, మిగతా తొమ్మిదిమంది రెండు నెలల చెమట చూడలేదు.

బెంచీ పిల్ల అమ్మ:
మా పాప కిందటేడు ఇలాంటి లీగ్‌లోనే ఆడింది. స్కోరు దగ్గరగా ఉన్న ప్రతి మ్యాచ్‌లోనూ చివరి పావుగంట బెంచీ మీదే. వాళ్ల కోచ్ ఎప్పుడూ ఒక్క మాట అనలేదు, మంచాయనే. కానీ పిల్లలకి చెప్పక్కర్లేదండి, ఎప్పుడు పిలుస్తారో ఎప్పుడు పిలవరో చూసి వాళ్లే లెక్క కట్టుకుంటారు. ఈ ఏడు సాకర్ వద్దంది.
1964లో కాలిఫోర్నియాలో మొదలైన పిల్లల సాకర్ సంస్థ ఏవైఎస్ఓ పెట్టుకున్న సూత్రమే అందరూ ఆడాలని, ప్రతి పిల్లాడికీ కనీసం సగం ఆట ఇవ్వాలని. గెలుపే కావాలంటే ట్రయల్స్ పెట్టి ఏరుకునే క్లబ్బులున్నాయి, డబ్బు కట్టి అక్కడ చేర్పించుకోవచ్చు.

గుంటూరు కారం:
సగం ఆట ఇవ్వమన్నారు అక్కా, ఇవ్వాలి. గోల్‌లోనే, అదీ చివరి పది నిమిషాల్లోనే నిలబెట్టమని ఎక్కడుంది? ఫార్వర్డ్‌గా ఆడించొచ్చుగా. అక్కడ తప్పు చేస్తే బంతి పోతుంది, అంతే. గోల్‌లో తప్పు చేస్తే అందరూ వాడి వంకే చూస్తారు. పాపం మొత్తం భారం ఆ పిల్లాడి నెత్తిన పడింది.

(ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. - ప్లేనో నాన్న)

ఎల్బీ స్టేడియం గ్యాలరీ:
రిటైర్డ్ పీఈటీని, మాది హైదరాబాద్. అప్పటి భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్, మన రహీమ్ సాబ్ సంగతి ఒకటి చెప్తాను. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఆయన టీమ్ మొదటి మ్యాచే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డ్‌గా ఆడించారు, ఆయనా ఒక గోల్ కొట్టాడు. 2-1, స్వర్ణం. ఓడిన మ్యాచ్‌ని దాచిపెట్టుకోకుండా విప్పి చూస్తేనే అలాంటి ఆలోచన వస్తుంది.

గుంటూరు కారం:
చూశారా సార్, రహీమ్ గారు కూడా గెలవడానికే ఆడించారు. వంతుల కాగితం పట్టుకుని నిలబడలేదు.

బెంచీ పిల్ల అమ్మ:
అది దేశం జట్టు తమ్ముడూ! ఇక్కడ బూటు లేసు కట్టమని కోచ్ దగ్గరికొచ్చే పిల్లలు.

ఓస్లో తెలుగోడు:
నార్వేలో పదకొండో ఏడు వచ్చేదాకా పిల్లల ఆటల్లో పాయింట్ల పట్టికలు, ర్యాంకులు ఉండవు. ఫుట్‌బాల్ స్టార్ ఎర్లింగ్ హాలండ్ పెరిగింది ఈ దేశంలోనే.

గుంటూరు కారం:
ఒక్క హాలండ్‌ని చూపించి ఎన్నాళ్లు లాగుతారు బాబూ. పట్టిక తీసేసినా స్కోరెంతో మా వాడు కారెక్కేలోపే చెప్తాడు.

ఆఫ్‌సైడ్ బాబాయ్:
న్యూజెర్సీలో ఈ వయసు పిల్లల మ్యాచ్‌లకి రెఫరీగా వెళ్తుంటాను. అందరూ న్యాయం గురించే మాట్లాడుతున్నారు, ఆటని ఎవరూ అడగడం లేదు. ఆ రెండు గోల్స్ ఎలా పడ్డాయి?

ప్లేనో నాన్న:
రెండూ మా గోల్ కిక్ (మా గోల్ ముందు నుంచి బంతిని మళ్లీ ఆటలోకి తన్నడం) తర్వాతే. బాబు బంతిని గట్టిగా తన్నాడు, పదిహేను గజాలు కూడా పోలేదు, నేరుగా ఎదుటివాళ్ల కాళ్లకి వెళ్లింది.

ఆఫ్‌సైడ్ బాబాయ్:
అనుకున్నాను. ఏడుగురి ఆటలో గోల్‌కీ మైదానం మధ్యకీ నడుమ బిల్డ్-అవుట్ లైన్ అని ఒక గీత పెట్టిందే దీనికోసం. మన గోల్ కిక్ అయినా, బంతి గోలీ చేతిలో ఉన్నా ఎదుటి జట్టు ఆ గీత వెనక్కి పోవాలి. గోలీ చేతిలోంచి వదిలి ఎత్తి తన్నకూడదు కూడా. పక్కనున్న డిఫెండర్‌కి మెల్లగా ఇస్తే తీరిగ్గా ముందుకెళ్లొచ్చు. ఆ గీత వెనక అవతలి పిల్లలు నిలబడి చూస్తుంటే, మన పిల్లాడు బంతి తీసుకెళ్లి వాళ్లకే అందించాడు. ఎందుకలా తన్నాడు?

ప్లేనో నాన్న:
నేనే అరిచాను, "కొట్టెయ్ కొట్టెయ్" అని. టెన్షన్‌లో.

ఆఫ్‌సైడ్ బాబాయ్:
ప్రాక్టీస్‌లో గోలీగా ఎంతమంది నిలబడ్డారు?

ప్లేనో నాన్న:
ఇద్దరు. మ్యాచ్ మీద మ్యాచ్ ఓడుతుంటే ఇంకో గోల్ పడకూడదన్న భయంతో ఆ ఇద్దర్నే తిప్పాను. మూడోవాడికి గ్లవ్స్ తొడిగిందే ఆ రోజు. మార్చడం తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. తొమ్మిది వారాలు ఏమీ నేర్పకుండా మార్చాను, అదీ సంగతి.

గుంటూరు కారం:
ఇది ఒప్పుకుంటా. అయినా గోలీ వంతులు మొదటి సగంలోనే అయిపోవాలంటాను. తప్పు జరిగినా సర్దుకోవడానికి టైముంటుంది, పిల్లాడి మీద నింద పడదు.

బెంచీ పిల్ల అమ్మ:
అలాగైతే నాకూ అభ్యంతరం లేదు, చివరి పది నిమిషాల్లో వాళ్లని ఇంకెక్కడైనా ఆడిస్తానంటే. ఇంతకీ ఆ బాబు ఎలా ఉన్నాడు?

ప్లేనో నాన్న:
ఆ రోజు ఏడ్చాడండి. వాళ్లమ్మకి ఫోన్ చేసి, తప్పు నాదని వాడికి చెప్పమన్నాను. మీరే చెప్పండి అన్నారు. శనివారం వెళ్తున్నాను.
ఇంకొకటి. వాట్సాప్‌లో దానం అన్నాడే, ఆయన్ని వచ్చే సీజన్‌కి అసిస్టెంట్ కోచ్‌గా రమ్మందామా అనుకుంటున్నా.

ఆఫ్‌సైడ్ బాబాయ్:
రమ్మనండి. బ్యాక్‌గ్రౌండ్ చెక్ (పాత కేసులేమైనా ఉన్నాయేమో చూసే తనిఖీ) ఫారం ముందే పంపండి.

ప్లేనో నాన్న:
పంపి నాలుగు రోజులైంది. నీలం టిక్కులు పడ్డాయి, ఫారం రాలేదు.