మీ ఊళ్ళో చెడుగుడు కూత ఎలా పెట్టేవారు?

మా నాన్నగారికి 74 ఏళ్ళు. మొన్న టీవీలో కబడ్డీ చూస్తూ "ఇది మా చెడుగుడు కాదురా" అన్నారు. అప్పటినుంచి నా మనసంతా దాని మీదే ఉంది.

వాళ్ళు ఆడింది కోతలయ్యాక పొలంలో. కాలి బొటనవేలితో గీసిందే గీత. "చెడుగుడు గుడుగుడు" అంటూ ఒక్క ఊపిరిన అవతలికి వెళ్ళేవారట, ఊపిరి ఉన్నంతసేపే ఆట. ఇప్పుడైతే కూతకి 30 సెకన్లు, "కబడ్డీ" అనే అనాలి.

ఈ ఆటకి నియమాలు రాసుకున్నది 20వ శతాబ్దం మొదట్లో, మహారాష్ట్ర వైపు వ్యాయామ సంఘాలు. 1936లో అమరావతి (మనది కాదు, విదర్భలోది) నుంచి హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండల్ వాళ్ళు బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో ఆడి చూపించారు. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆట అయింది. నియమాలు లేకపోతే అంతదూరం వెళ్ళేది కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ దారిలో మన కూతలు రాలిపోయాయేమో అని బాధగా ఉంది.

తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి. మీ ఊళ్ళో ఏమని కూత పెట్టేవారు? పాటలాంటి కూతలు ఉండేవా? ఔటైనవాడు మళ్ళీ బతికేవాడా, చివరిదాకా బయటే కూర్చునేవాడా? "చెడుగుడు" పోయి "కబడ్డీ" అనడం బడి పోటీలతోనే మొదలైందా?

ఊరు, జిల్లా పేరు కూడా రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళ చేత అనిపించి ఫోన్‌లో రికార్డు చేసి పంపితే ఇంకా మేలు. నాన్నగారికి రెండు కూతలు పూర్తిగా గుర్తున్నాయి. మూడోది సగంలో ఆగిపోతోంది.