రోడ్డు విస్తరణలో ఇంటి ముందుభాగం పోతోంది. గ్రామకంఠం స్థలానికి పరిహారం రాదా?

గోదారి గట్టు:
మా ఊళ్లో ఆర్‌ అండ్‌ బీ సింగిల్ రోడ్డును డబుల్ చేస్తున్నారు. తారు మధ్య నుంచి టేపు పట్టి ఇంటి గోడ మీద ఎర్ర గీత కొట్టి వెళ్లారు. 33 అడుగుల ముఖం, లోపలికి 8 అడుగులు పోతుంది. ఇల్లు గ్రామకంఠంలో ఉంది. పట్టా లేదు, ఇంటి పన్ను రసీదులు మాత్రం పాతవి చాలా ఉన్నాయి. స్థలానికి ఏమీ రాదట, కట్టడానికే ఇస్తారట. సమ్మతి పత్రం మీద సంతకం అడుగుతున్నారు. నోటీసు అంటూ ఏదీ ఇవ్వలేదు. ఇందులో ఎంత నిజం? లెక్క ఎలా కడతారు?

సర్వే గొలుసు:
ముందు గీత సంగతి తేల్చుకోండి. తారు మధ్య వేరు, రోడ్డు మధ్య వేరు. తారు వేసిన ప్రతిసారీ ఖాళీ ఉన్న పక్కకి కాస్త జరుగుతుంది. అక్కణ్నుంచి టేపు పడితే ఒక వరుస ఇళ్లకు రెండడుగులు ఎక్కువ పోతాయి, ఎదురు వరుసకు కలిసొస్తుంది. గొడవలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి.

ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల కొలతలుండే పుస్తకం) నకలు, గ్రామ నక్షా తీసుకోండి. గ్రామకంఠంలో ఇంటింటికీ కొలతలు ఉండకపోవచ్చు కానీ రోడ్డు పోరంబోకుకి నంబరు, వెడల్పు ఉంటాయి. పాత ఎఫ్‌ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి: 100 లింకులంటే 66 అడుగులు. రోడ్డు వెడల్పు 50 అని ఉంటే అది 33 అడుగులే. దాన్ని 50 అడుగులుగా చదివి "మీరే రోడ్డులోకి వచ్చారు" అనేవాళ్లున్నారు, జాగ్రత్త. సర్వేకి దరఖాస్తు పెట్టి, మూడు ఊళ్ల హద్దులు కలిసేచోట ఉండే ట్రైజంక్షన్ రాయి నుంచో, పక్కాగా ఉన్న వేరే సర్వే రాయి నుంచో కొలిపించండి.

ఇంకొకటి. రోడ్డు విస్తరణ కూల్చివేతల మీద సుప్రీంకోర్టు 2024 నవంబరు 6న, యూపీలోని మహారాజ్‌గంజ్ ఇంటి కేసులో, వరస చెప్పింది. రికార్డు ప్రకారం రోడ్డు వెడల్పు తేల్చాలి, ఆక్రమణ ఉంటే నోటీసిచ్చి అభ్యంతరం విని రాతపూర్వకంగా నిర్ణయం చెప్పాలి. రికార్డులో ఉన్న వెడల్పు చాలకపోతే భూసేకరణ చేయాల్సిందే. గోడ మీద గీత నోటీసు కాదు.

ఆర్డీవో ఆఫీసు మెట్లు:
ఆ పత్రం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. అందులో రేటు, విస్తీర్ణం, చెల్లించే గడువు ఉన్నాయా చూడండి. "స్వచ్ఛందంగా ఇస్తున్నాను" అని మాత్రమే ఉంటే అది దానం. తర్వాత పరిహారం అడిగితే ఆ కాగితమే మీకు అడ్డు పెడతారు.

గ్రామకంఠం అంటే ప్రభుత్వ భూమి అనేది అలవాటుగా వచ్చిన మాట, చట్టంలో లేదు. అది ఊరివాళ్ల నివాసాలకు వదిలిన చోటు. ఇళ్లు కట్టుకుని ఉంటున్నవాళ్ల స్థలం ప్రభుత్వానిది కాదని హైకోర్టు పలుమార్లు చెప్పింది. పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, పాత దస్తావేజులో పక్కింటివాళ్ల హద్దుగా మీ పెద్దల పేరు ఉంటే ఆ నకలు, అన్నీ దగ్గర పెట్టుకోండి.

2013 భూసేకరణ చట్టంలో సెక్షన్ 11 ప్రకటన (భూమి తీసుకోబోతున్నామనే తొలి ప్రకటన) వచ్చాక అభ్యంతరానికి 60 రోజులు. 12 నెలల్లో సెక్షన్ 19 డిక్లరేషన్, అక్కణ్నుంచి ఇంకో 12 నెలల్లో అవార్డు, అంటే పరిహారం ఎంతో తేల్చే కలెక్టరు ఉత్తర్వు.

ఇక లెక్క. మీ స్థలం 264 చదరపు అడుగులు, అంటే 29.33 గజాలు. గజం 4,000 అనుకుంటే 1,17,320. గ్రామాల్లో దీన్ని 1 నుంచి 2 మధ్య రాష్ట్రం పెట్టిన గుణకంతో హెచ్చిస్తారు. 1.25 అనుకుంటే 1,46,650. కట్టడం విలువ 3 లక్షలు అనుకుందాం, మొత్తం 4,46,650. దీని మీద 100 శాతం సొలేషియం, అంటే బలవంతంగా తీసుకుంటున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము. రెండూ కలిపి 8,93,300. ఇది కాక స్థలం అసలు విలువ మీద ఏడాదికి 12 శాతం, సెక్షన్ 4 కింద సామాజిక ప్రభావ అధ్యయనం ప్రకటన నాటి నుంచి అవార్డు లేదా స్వాధీనం, ఏది ముందైతే అంతవరకు.

తప్పులు జరిగేది రెండుచోట్ల. సొలేషియం స్థలానికే వేసి కట్టడాన్ని వదిలేస్తారు. మీ లెక్కలో అది 3 లక్షల తేడా. రెండోది, ఇళ్ల స్థలానికి గజం రేటు కాకుండా పొలానికి ఎకరం రేటు పట్టుకొస్తారు. రిజిస్ట్రేషన్ విలువ ఒక్కటే ప్రమాణం కాదు. గత మూడేళ్లలో చుట్టుపక్కల జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు కూడా చూడాలి, రెండిట్లో ఏది ఎక్కువైతే అదే. ఆ దస్తావేజుల నకళ్లు మీరే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసి ఇవ్వండి. అవి వాళ్లంతట వాళ్లు వెతకరు.

శ్లాబు మేస్త్రి:
8 అడుగులే పోతుందని కట్టడానికి కూడా 8 అడుగులకే విలువ కడితే ఒప్పుకోకండి. మీ రెండో వరుస పిల్లర్లు 12 అడుగుల దగ్గర ఉన్నాయనుకోండి. 8 దగ్గర శ్లాబు కోస్తే మిగిలిన నాలుగడుగులు ముందు ఆసరా లేకుండా గాల్లో ఉంటాయి. అలా నిలబడాలంటే కమ్మీలు పైన చాలినన్ని ఉండాలి. మామూలు శ్లాబులో ప్రధాన కమ్మీ కిందే వేస్తాం. ఆ ముక్క వంగి, దూలం దగ్గర పగులుతుంది. కాబట్టి 12 అడుగుల దాకా దించాల్సిందే, విలువా అంతవరకు కట్టాలి. ముందు పిల్లర్లు, మెట్లు, సెప్టిక్ ట్యాంకు, బోరు, మీటరు బోర్డు వేరు వేరుగా రాయించండి. పంచనామాలో లేనిది ఎస్టిమేట్లోకి రాదు.

ఆర్డీవో ఆఫీసు మెట్లు:
మేస్త్రి గారి మాటకు చట్టంలోనూ ఆధారం ఉంది. సెక్షన్ 94 ప్రకారం ఇంట్లో కొంత భాగమే తీసుకుంటామంటే, మొత్తం ఇల్లూ తీసుకోమని యజమాని కోరవచ్చు. అవార్డుకు ముందే రాతపూర్వకంగా ఇవ్వండి. మిగిలింది ఉండటానికి పనికొస్తుందా లేదా చూసుకున్నాకే ఆ పని చేయండి, స్థలం మొత్తం పోతుంది కదా.

గోదారి గట్టు:
తక్కువ వేసినా చెక్కు తీసుకోవచ్చా? తీసుకుంటే ఒప్పుకున్నట్టేనా?

సర్వే గొలుసు:
తీసుకోండి. సంతకం పక్కనే "పరిహారం చాలదని అభ్యంతరంతో స్వీకరించాను" అని రాసి, ఫొటో తీసుకోండి. అభ్యంతరం రాయకుండా తీసుకుంటే పెంపు అడిగే హక్కు పోతుంది. అవార్డు చెప్పిన రోజు మీరు అక్కడుంటే ఆరు వారాల్లో సెక్షన్ 64 కింద కలెక్టరుకు రెఫరెన్స్ దరఖాస్తు (విషయాన్ని పరిహారం తేల్చే అథారిటీకి పంపమని కోరేది) ఇవ్వాలి. "చూద్దాం" అంటూ కూర్చుంటే ఈ గడువే దాటిపోతుంది. ఈ చట్టం కింద వచ్చే పరిహారానికి సెక్షన్ 96 ప్రకారం ఆదాయపు పన్ను లేదు. 10 శాతం టీడీఎస్ కోస్తే ఆ సెక్షన్ చూపించండి. అదే నేరుగా అమ్మకం దస్తావేజు రాయించుకుంటే ఈ మినహాయింపు వర్తించదనే వాదన వస్తుంది. డబ్బు ఏ దారిన ఇస్తున్నారో సంతకానికి ముందే అడగండి.