కాపరుల దారులు కలిపి పెద్ద కాలిబాట చేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

తొలిఅడుగు:
మేం ఐదుగురం. రెండేళ్లుగా ఒకే కొండల వరుసలో తిరుగుతున్నాం. రోడ్డు లేదు, కనుమ దాటితే గానీ ఇంకో పల్లె రాదు. పాత కాపరుల దారులున్నాయి గానీ కొన్ని పొదల్లో కలిసిపోయాయి. వాటిని కలిపితే 200 కిలోమీటర్ల నడక అవుతుందని ఉపగ్రహ పటం మీద గీసుకున్నాం. నడిచింది మాత్రం 40 కిలోమీటర్లే. పాత దారుల్ని శుభ్రం చేస్తే చాలా, కొత్తగా తవ్వాలా? ఒకచోట దారి 400 మీటర్ల ఎత్తు నిట్టగా ఎక్కేస్తుంది. అలాగే ఉంచవచ్చా?

పలుగూపారా:
ముందు మిగిలిన 160 కిలోమీటర్లు నడిచి రండి. పటంలో పచ్చికలా కనిపించిన చోటికి నేనూ ఒకసారి ధీమాగా వెళ్లాను. తీరా చూస్తే నడుము లోతు పొదలు, వాటికింద కదిలే రాళ్లు. రెండు కిలోమీటర్లకి ఒక పూట పట్టింది. ఏ నెలలో నడిచారో కూడా రాసుకోండి. మంచు కరిగేటప్పుడు దాటలేని వాగే ఎండలు ముదిరాక చుక్క నీరివ్వదు.

ఇక ఆ నిట్ట ఎక్కుడు. దయచేసి అలా ఉంచకండి. కాపరికి త్వరగా పైకి చేరడమే కావాలి, ఆయన దారి ఆయనకి సరిపోయింది. అదే దారిన వందల జతల బూట్లు నడిస్తే గడ్డి చస్తుంది, మట్టి వదులవుతుంది, వాననీళ్లు ఆ గాడినే కాలువ చేసుకుంటాయి. నాలుగు వానాకాలాలు తిరిగేసరికి మోకాటి లోతు గండి. నడిచేవాళ్లు దాన్ని తప్పించుకుని పక్కన ఇంకో బాట వేస్తారు, అదీ గండి పడుతుంది. నేను పనిచేసిన ఒక కొండ మీద ఇలాంటి గాళ్లు పక్కపక్కనే నాలుగు ఉండేవి. వాటిని పూడ్చడానికి పట్టిన రోజుల్లో కొత్త బాటని రెండుసార్లు తవ్వి ఉండేవాళ్లం.

బాటలు వేసేవాళ్లు పాటించే లెక్క ఒకటుంది. బాట వాలు కొండ వాలులో సగానికి మించకూడదు. కొండ 30 శాతం వాలితే, అంటే వంద మీటర్లు ముందుకి వెళ్లేసరికి 30 మీటర్ల ఎత్తు పెరిగితే, బాట 15 శాతం దాటకూడదు. దాటిందంటే నీళ్లు బాటని అడ్డంగా దాటిపోవు, బాట వెంబడే దిగుతాయి. మొత్తం మీద సగటు 10 శాతం దగ్గర ఉంచితే మట్టి నిలుస్తుంది. అంటే మీ 400 మీటర్ల ఎత్తుకి 4 కిలోమీటర్ల బాట కావాలి. బాటని లోయవైపు 5 శాతం వంచండి. ఎక్కుతున్న బాటని అక్కడక్కడా నాలుగడుగులు దించి మళ్లీ ఎక్కించండి, ఆ పల్లంలోంచి నీళ్లు బయటికి పోతాయి. దుంగలు అడ్డం వేసి నీళ్లు మళ్లిద్దామని చాలామంది చూస్తారు. వాటి వెనక బురద పేరుకుంటే ఏటా తీయాలి, తీసే మనుషులు దొరకరు.

వాలు కొలిచే పరికరం, క్లైనోమీటర్, తప్పనిసరి. దారంతా రిబ్బన్లు కట్టి, రెండు దిక్కులా నడిచి చూశాకే పలుగు పట్టండి.

కనుమఅవతల:
పల్లెలవాళ్లని అడిగారా? అది వాళ్ల మేతభూమి. అనుమతి సంగతి అలా ఉంచితే, ఏ వాలు జారుతుందో, ఏ ఊట ఎండదో వాళ్లకే తెలుస్తుంది. కాకసస్ కొండల్లో జార్జియా, ఆర్మేనియాల మీదుగా వేస్తున్న ట్రాన్స్‌కాకేసియన్ ట్రయల్ కూడా పాత దారుల్ని బాగుచేస్తూ, లేనిచోట వాలంటీర్లు తవ్వుతూ ముక్కలుముక్కలుగానే సాగుతోంది.

తొలిఅడుగు:
ఇద్దరికీ ధన్యవాదాలండి. 4 కిలోమీటర్లని చదివాక గుండె జారింది. 200 పూర్తయ్యేదాకా ఎవర్నీ పిలవకూడదా?

పలుగూపారా:
ఎందుకు పిలవకూడదు? బాగున్న 40 కిలోమీటర్లు ముందు తెరవండి. అమెరికాలో అపలాచియన్ ట్రయల్ ఆలోచనని బెంటన్ మెకాయ్ 1921లో బయటపెడితే బాట ఆ చివర నుంచి ఈ చివరకి కలిసింది 1937లో. ఆ తర్వాత కూడా చాలా భాగాన్ని పక్కకి జరిపారు. న్యూజిలాండ్‌లో తె అరారోవా దాదాపు 3,000 కిలోమీటర్లు, 2011లో తెరిచినప్పుడు కొన్నిచోట్ల రోడ్డు పక్కనే నడవాల్సి వచ్చింది. అయినా జనం నడిచారు. కాకపోతే తెరిచిన ప్రతి ముక్కకీ ఏడాదికోసారి వెళ్లి పడిన చెట్లు కోసే మనిషి ఎవరో ముందే తేల్చుకోండి. మనిషి దొరకని ముక్కని తెరవకండి.

ఈలోగా ఒక పని చేయండి. ఈసారి వాన పడుతుండగా ఆ నిట్ట ఎక్కుడు దగ్గర, చరియలు పడని చోట నిలబడి నీళ్లు ఎటు పోతున్నాయో ఫోటోలు తీయండి. ఇక్కడ పెడితే మొదటి రిబ్బన్ ఎక్కడ కట్టాలో కలిసి చూద్దాం.